గణాంక తపస్వి స్లుట్‌స్కీ

ప్రకృతిలోని చక్రగతి మానవునికి చిరపరిచితం. పగలు గడిస్తే రాత్రి, గ్రీష్మం గడిస్తే వర్షం, అమావాస్య గడిస్తే పౌర్ణమి వస్తాయి. యుగయుగాలుగా ఈ క్రమాన్ని చూస్తూ వచ్చిన మానవుడు తన వ్యవహారాలలో కూడా అటువంటి క్రమమే ఉంటుందని విశ్వసించాడు. ధాన్యం ధర పెరిగితే మళ్ళీ తగ్గుతుందనీ, వ్యాపారం మందగిస్తే మళ్ళీ పుంజుకుంటుందనీ భావించాడు. షేర్ మార్కెట్లు ఏర్పడిన తరువాత ఈ విశ్వాసం మరింత బలపడింది. ధరల రేఖాచిత్రంలోని ఎత్తుపల్లాలను కొలిచి, తరువాతి శిఖరం ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పవచ్చునని ఎందరో నమ్మారు. ఆ నమ్మకంతో కొందరు ధనవంతులయ్యారు. మరెందరో కూడబెట్టిన సొమ్మును పోగొట్టుకున్నారు. ఆ ఎత్తుపల్లాలకు నిజంగా ఒక నియమం ఉన్నదా, లేక ఉన్నట్లు మన కంటికి తోస్తున్నదా అనే ప్రశ్నను గణితమనే గీటురాయిపై పరీక్షించిన మేధావి యెవ్గెనీ స్లుట్‌స్కీ.

స్లుట్‌స్కీ 1880 ఏప్రిల్ 19వ తేదీన రష్యా సామ్రాజ్యంలోని యారోస్లావ్ల్ ప్రాంతంలో నోవొయే అనే గ్రామంలో జన్మించాడు. ఆయన తండ్రి ఉపాధ్యాయుడు. స్లుట్‌స్కీ బాల్యంలోనే కుటుంబం జిటోమిర్ పట్టణానికి తరలివెళ్ళింది. పాఠశాల విద్య అక్కడే పూర్తయింది. గణితంపై మక్కువతో ఆయన 1899లో కీవ్ విశ్వవిద్యాలయంలో గణిత, భౌతిక శాస్త్రాల విభాగంలో చేరాడు. చదువు సాఫీగా సాగి ఉంటే నాలుగైదు సంవత్సరాలలో పట్టభద్రుడై గణితాచార్యుడు కావలసినవాడే. కాని కాలం అందుకు అనుకూలించలేదు.

అవి జార్ చక్రవర్తి నిరంకుశంగా పాలిస్తున్న రోజులు. విశ్వవిద్యాలయాలలో విద్యార్థుల అసంతృప్తి నానాటికీ పెరుగుతూ ఉంది. 1901 ఆరంభంలో కీవ్ విశ్వవిద్యాలయంలో ఆందోళనలో పాల్గొన్న 183 మంది విద్యార్థులను ప్రభుత్వం బహిష్కరించి, శిక్షగా సైన్యంలో చేర్చింది. వారిలో స్లుట్‌స్కీ ఒకడు. ఈ చర్యపై దేశమంతటా నిరసన చెలరేగింది. ప్రభుత్వం వెనుకకు తగ్గి విద్యార్థులను తిరిగి చదువుకోనిచ్చింది. ఆ సడలింపు ఎంతో కాలం నిలువలేదు. మరుసటి సంవత్సరం స్లుట్‌స్కీ మరొక ప్రదర్శనలో పాల్గొన్నందుకు మళ్ళీ బహిష్కరణకు గురయ్యాడు. ఈసారి రష్యాలోని ఏ ఉన్నత విద్యాసంస్థలోనూ చేరకూడదని నిషేధం కూడా విధించబడింది. అప్పటికి ఆయన వయస్సు ఇరవై రెండు సంవత్సరాలు.

స్వదేశంలో తలుపులు మూతపడటంతో స్లుట్‌స్కీ జర్మనీకి వెళ్ళి మ్యూనిక్ నగరంలోని సాంకేతిక విద్యాలయంలో యంత్రశాస్త్ర విద్యార్థిగా చేరాడు. యంత్రాల నమూనాలు గీయడంపై ఆయన మనస్సు లగ్నం కాలేదు. తీరిక దొరికినప్పుడల్లా అర్థశాస్త్ర గ్రంథాలు చదివేవాడు. మనుషుల కోరికలు, ధరలు, ఆదాయాలు కూడా గణిత సూత్రాలకు లోబడతాయని ఆయనకు తోచింది. ఇష్టంలేని చదువు ఆయనకు ఇష్టమైన శాస్త్రాన్ని చూపించింది. 1905 విప్లవానంతరం నిషేధం తొలగగానే స్లుట్‌స్కీ కీవ్‌కు తిరిగివచ్చి, ఈసారి న్యాయశాస్త్ర విభాగంలో చేరాడు. ఆ కాలంలో అర్థశాస్త్రం ఆ విభాగంలోనే భాగంగా ఉండేది. ఉపాంత ప్రయోజన సిద్ధాంతంపై ఆయన వ్రాసిన పరిశోధన వ్యాసానికి బంగారు పతకం లభించింది. 1911లో పట్టభద్రుడయ్యే నాటికి ఆయన వయస్సు ముప్పై ఒకటి.

పతకమైతే వచ్చింది గాని, విశ్వవిద్యాలయంలో ఉద్యోగం రాలేదు. పాత బహిష్కరణల మచ్చ ఆయనను విడువలేదు. ఒక సాంకేతిక పాఠశాలలో బోధిస్తూ జీవనం సాగించాడు. ఆ సమయంలోనే ఇంగ్లండులో కార్ల్ పియర్సన్ అభివృద్ధి చేస్తున్న గణాంక శాస్త్ర పద్ధతులు ఆయన దృష్టికి వచ్చాయి. రెండు చలరాశుల మధ్య సంబంధాన్ని కొలిచే సహసంబంధ పద్ధతిని కొద్దికాలంలోనే ఆకళించుకొని, 1912లో దానిపై రష్యన్ భాషలో ఒక గ్రంథం ప్రచురించాడు. రష్యాలో సుప్రసిద్ధ గణితవేత్త అయిన మార్కోవ్‌తో ఈ విషయమై ఉత్తర ప్రత్యుత్తరాలు కూడా జరిపాడు. తన పరిశోధన వ్యాసాలను పియర్సన్‌కు పంపగా, ఆయన తన పత్రికలో ప్రచురణకు స్వీకరించలేదు. స్లుట్‌స్కీ నిరుత్సాహపడలేదు. వాటిలో ఒక వ్యాసం 1914లో లండన్ రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో వెలువడింది. ఈ లోపల, 1913లో, కీవ్ వాణిజ్య విద్యాసంస్థలో అధ్యాపక పదవి లభించింది. అక్కడ ఆయన సుమారు పదమూడు సంవత్సరాలు పనిచేశాడు.

1915లో స్లుట్‌స్కీ ఒక ఇటాలియన్ అర్థశాస్త్ర పత్రికలో వినియోగదారుని ప్రవర్తనపై వ్యాసం ప్రచురించాడు. ఒక వస్తువు ధర తగ్గినప్పుడు కొనుగోలుదారు దానిని ఎక్కువగా కొనడానికి రెండు కారణాలు ఉంటాయి. ఇతర వస్తువులకంటే అది చౌక అయింది కాబట్టి వాటికి బదులు దీనిని కొంటాడు. ఇది ప్రత్యామ్నాయ ప్రభావం. అదే ఆదాయంతో ఇప్పుడు మునుపటికంటే ఎక్కువ కొనగలుగుతాడు. ఇది ఆదాయ ప్రభావం. ఈ రెండింటినీ విడదీసి చూపే సమీకరణాన్ని స్లుట్‌స్కీ కనుగొన్నాడు. ప్రథమ ప్రపంచ యుద్ధపు హోరులో ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవారు లేరు. దాదాపు ఇరవై సంవత్సరాల తరువాత, 1934లో, ఇంగ్లండులో హిక్స్, అలెన్ అనే అర్థశాస్త్రవేత్తలు స్వతంత్రంగా అవే ఫలితాలను చేరుకున్నారు. తమకంటే ముందే స్లుట్‌స్కీ ఆ దారిలో నడిచాడని తెలిసినప్పుడు వారు ఆయన ప్రాథమ్యాన్ని మనస్ఫూర్తిగా అంగీకరించారు. నేడు ప్రపంచమంతటా అర్థశాస్త్ర విద్యార్థులు ఆ సమీకరణాన్ని స్లుట్‌స్కీ పేరుతోనే చదువుకుంటున్నారు.

1926లో స్లుట్‌స్కీ మాస్కో నగరానికి మారాడు. అక్కడ నికొలాయ్ కోంద్రాతియెవ్ స్థాపించిన ఆర్థిక స్థితిగతుల పరిశోధన సంస్థలో చేరాడు. కోంద్రాతియెవ్ అప్పటికే దీర్ఘ తరంగాల సిద్ధాంతంతో పేరు పొందినవాడు. ధరలు, వడ్డీ రేట్లు, వేతనాలు, ఉత్పత్తి సుమారు అర్ధశతాబ్దం పట్టే పెద్ద అలలుగా పెరిగి తరుగుతాయని ఆయన వాదించాడు. ఆ అలలను వెలికి తీయడానికి ఆయన చలన సగటు అనే పద్ధతిని వాడాడు. తొమ్మిది సంవత్సరాల అంకెలకు సగటు కట్టి మధ్య సంవత్సరం వద్ద గుర్తిస్తారు. తరువాత మొదటి సంవత్సరాన్ని విడిచి, పదవ సంవత్సరాన్ని చేర్చుకొని మళ్ళీ సగటు కడతారు. ఈ విధంగా ముందుకు జరుగుతూ పోతే చిన్న చిన్న ఒడుదొడుకులు అణగిపోయి, నునుపైన వక్రరేఖ మిగులుతుంది. ఆనాడు అనేక దేశాలలోని పరిశోధకులు ఈ పద్ధతినే అనుసరించేవారు. షేర్ ధరలను పరిశీలించే వర్తకులకు నేటికీ ఇది నిత్య సాధనం.

అందరూ ఆ రేఖ చూపే అలలను పరిశీలిస్తున్నప్పుడు స్లుట్‌స్కీ ఆ రేఖను తయారుచేసే పద్ధతినే పరిశీలించాడు. ఏ నియమమూ లేని అంకెలను ఈ పద్ధతిలోనికి పంపితే ఏమి బయటికి వస్తుందన్నది ఆయన ప్రశ్న. అది సులభమైన ప్రశ్నగా కనిపించవచ్చు. కాని దాని జవాబు ఎంతోమంది శ్రమను సందేహంలో పడవేయగలదు. ఆయన పనిచేస్తున్న సంస్థ కీర్తి కూడా అటువంటి అలల అధ్యయనంపైనే ఆధారపడి ఉంది. అయినా ఆయన వెనుకంజ వేయలేదు.

ప్రయోగానికి కావలసినవి ఎవరి ఇష్టానిష్టాలతోనూ సంబంధంలేని అంకెలు. ప్రభుత్వ ఆర్థిక శాఖ జారీచేసిన లాటరీ రుణపత్రాల డ్రాలో వచ్చిన సంఖ్యలను స్లుట్‌స్కీ ఎంచుకున్నాడు. వాటి చివరి అంకెలను వరుసగా వ్రాసుకొని, పదేసి అంకెలను కూడుతూ, ఒక్కొక్క అంకె చొప్పున ముందుకు జరిగాడు. వచ్చిన మొత్తాలను రేఖాచిత్రంగా గీశాడు. లాటరీ అంకెలలో ఏ క్రమమూ లేదు. కాని మొత్తాల రేఖ మాత్రం అలలు అలలుగా లేచి పడింది. దానిలో ఒక భాగాన్ని 1855 నుండి 1877 వరకు ఇంగ్లండు వ్యాపార చక్రాలను చూపే సూచీ పక్కన ఉంచినప్పుడు, ఆ రెండింటి పోలిక ఆశ్చర్యకరంగా కనిపించింది. మొదటిది చీట్ల నుండి వచ్చినది, రెండవది లక్షలాది మనుషుల శ్రమ నుండీ వర్తకం నుండీ వచ్చినది. చూపరికి మాత్రం రెండూ ఒకే జాతికి చెందినవిగా తోచాయి.

ఇది ఎలా సాధ్యమో ఒక చిన్న ఉదాహరణతో గ్రహించవచ్చు. 7, 2, 9, 8, 1, 0, 3, 6, 5, 9 అనే అంకెలు ఏ క్రమమూ లేకుండా వచ్చాయనుకుందాం. వాటిని మూడేసి చొప్పున కూడుతూ పోతే 18, 19, 18, 9, 4, 9, 14, 20 అనే మొత్తాలు వస్తాయి. మొదట శిఖరం, తరువాత క్రమంగా పతనం, అటుపిమ్మట మళ్ళీ ఆరోహణం. దీనికి కారణం స్పష్టమే. పక్కపక్కనున్న రెండు మొత్తాలలో రెండేసి అంకెలు ఉమ్మడిగా ఉన్నాయి. కాబట్టి ఒక మొత్తం పెద్దదైతే తరువాతిది కూడా పెద్దదయ్యే అవకాశం ఎక్కువ. స్లుట్‌స్కీ పదేసి అంకెలను కూడాడు గనుక పక్కపక్క మొత్తాలలో తొమ్మిది అంకెలు ఉమ్మడిగా నిలిచాయి. అంటే వాటి మధ్య సహసంబంధం 0.9. పది స్థానాల దూరం వెళ్ళిన తరువాత ఉమ్మడి అంకెలు ఉండవు. ఆ బంధమూ మిగలదు. ఇలా ఏర్పడిన బంధమే అంకెలకు అల రూపాన్ని ఇస్తుంది.

స్లుట్‌స్కీ ఇంతటితో ఆగలేదు. కూడికలను, వ్యవకలనాలను కొన్ని నిర్దిష్ట రీతులలో పదేపదే జరిపితే, యాదృచ్ఛిక శ్రేణి త్రికోణమితిలోని సైన్ వక్రాన్ని ఎంతగానైనా సమీపించగలదని గణితపరంగా నిరూపించాడు. దానితోపాటు మరొక సూక్ష్మ విషయాన్ని గమనించాడు. ఈ అలలు గడియారంలా శాశ్వతంగా ఒకే లయలో సాగవు. కొంతకాలం ఒక చక్రం చక్కగా నిలుస్తుంది. ఆ తరువాత దాని లయ క్రమంగానో, హఠాత్తుగానో చెదిరిపోతుంది. మరొక నిడివిగల కొత్త చక్రం దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. మొదటి చక్రాన్ని కొలిచి, దానిని ప్రకృతి నియమమని నమ్మి, భవిష్యత్తును లెక్కకట్టినవాడు ఆ మార్పు వచ్చిన చోట పొరబడక తప్పదు. షేర్ మార్కెట్టులో కొంతకాలం అచ్చంగా ఫలించిన సూత్రాలు అకస్మాత్తుగా విఫలం కావడానికి గల కారణాలలో ఒకటి ఇక్కడ దొరుకుతుంది.

1927లో ఈ పరిశోధన రష్యన్ భాషలో వెలువడింది. యాదృచ్ఛిక కారణాల సంకలనమే చక్రీయ ప్రక్రియలకు మూలం కాగలదన్నది దాని సారాంశం. అదే సంవత్సరం ఇంగ్లండులో ఉడ్నీ యూల్ సూర్యునిపై కనిపించే మచ్చల సంఖ్యను పరిశీలిస్తూ, యాదృచ్ఛిక ఆఘాతాలు ఒక వ్యవస్థలో ఆవర్తనాలను ఎలా సజీవంగా ఉంచగలవో వివరించాడు. ఇద్దరి ఆలోచనలూ ఒకే దిశలో సాగాయి. అందువల్ల చలన సగటులు కృత్రిమ తరంగాలను సృష్టించే గుణానికి స్లుట్‌స్కీ–యూల్ ప్రభావమనే పేరు స్థిరపడింది.

స్లుట్‌స్కీ ఫలితానికి రెండు ముఖాలు ఉన్నాయి. మొదటిది హెచ్చరిక. పరిశోధకుడు సగటులు కట్టి చూపించిన చక్రం ప్రకృతిలోనిది కాకపోవచ్చు. అతని లెక్కలోనే పుట్టి ఉండవచ్చు. రెండవది వివరణ. ఒక కరవు, ఒక యుద్ధం, ఒక కొత్త యంత్రం వంటి ఆఘాతాల ఫలితాలు ఒక్క రోజుతో ముగియవు. అవి నెలల తరబడి కొనసాగి, ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. ఆర్థిక వ్యవస్థ తానే ఒక కూడికల యంత్రంలా ప్రవర్తిస్తుంది. కాబట్టి నిజమైన వ్యాపార చక్రాలు కూడా ఈ విధంగానే ఏర్పడి ఉండవచ్చు. చక్రాలన్నీ భ్రమలేనని స్లుట్‌స్కీ ప్రకటించలేదు. చక్రం కనిపించినంత మాత్రాన దానికి చక్రాకారమైన కారణం ఉండితీరాలని వాదించడం తగదని మాత్రమే నిరూపించాడు.

ఈ పరిశోధన వెలువడిన కొద్దికాలానికే మాస్కోలో వాతావరణం మారిపోయింది. 1928లో కోంద్రాతియెవ్ సంస్థను మూసివేశారు. ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థను నిర్మిస్తున్నామని చెప్పే పాలకులకు, మార్కెట్ల గమనాన్ని నిష్పాక్షికంగా లెక్కించే పండితులు అనుమానితులుగా కనిపించారు. 1930లో కోంద్రాతియెవ్ అరెస్టయ్యాడు. ఎనిమిది సంవత్సరాల పాటు చెరలో ఉంచి, 1938 సెప్టెంబరు 17వ తేదీన ఆయనను కాల్చి చంపారు. ఆయన నిర్దోషి అని ప్రభుత్వం ఒప్పుకొన్నది 1987లో మాత్రమే. ఒకప్పుడు ఆయనతో కలిసి పనిచేసినవారికి ఆర్థికాంశాల గణాంకాలు ప్రమాదకరమైన క్షేత్రమయ్యాయి.

స్లుట్‌స్కీ ఆ క్షేత్రం నుండి నిశ్శబ్దంగా తొలగిపోయాడు. 1931లో వాతావరణ పరిశోధన సంస్థలో చేరి, తన గణితాన్ని ప్రకృతి దృగ్విషయాలకు అన్వయించాడు. సూర్యుని మచ్చలలోని ఆవర్తనాలను పరిశీలించాడు. ధరల స్థానంలో సూర్యుని మచ్చలు వచ్చాయి గాని, ప్రశ్న మారలేదు. కాలక్రమంలో వచ్చే అంకెలలో నియమమెంత, యాదృచ్ఛికత ఎంత అన్నదే ఆయన అన్వేషణ. యాదృచ్ఛిక ప్రక్రియల సిద్ధాంతానికి ఈ కాలంలో ఆయన చేసిన దోహదం గణనీయమైనది. అంతకుముందే, 1925లో, యాదృచ్ఛిక చలరాశుల అవధులపై ఆయన ప్రచురించిన ఫలితం నేడు గణాంక శాస్త్ర పాఠాలలో స్లుట్‌స్కీ సిద్ధాంతంగా ప్రసిద్ధికెక్కింది. 1934లో మాస్కో విశ్వవిద్యాలయం ఆయనను గణిత విభాగంలోనికి ఆహ్వానించింది. యౌవనంలో విశ్వవిద్యాలయం నుండి రెండుసార్లు వెళ్ళగొట్టబడిన వ్యక్తికి, సిద్ధాంత గ్రంథం సమర్పించకుండానే, గణితశాస్త్రంలో డాక్టరేటు లభించింది. 1938లో ఆయన స్తెక్లోవ్ గణిత పరిశోధన సంస్థలో చేరాడు.

ఆయన సొంత దేశంలో చక్రాల పరిశోధన మూగబోయిన కాలంలోనే, దేశాంతరాలలో ఆయన పేరు వినిపించసాగింది. షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు హెన్రీ షుల్ట్జ్ చొరవతో 1927 నాటి వ్యాసం ఆంగ్లంలోనికి అనువదింపబడింది. స్లుట్‌స్కీ దానిని సవరించి విస్తరించాడు. 1937లో అది ఎకనామెట్రికా అనే ప్రసిద్ధ పత్రికలో వెలువడి ప్రపంచ పండితుల దృష్టిని ఆకర్షించింది.

ఆ పత్రికకు అండగా నిలిచిన ఆల్‌ఫ్రెడ్ కౌల్స్ అనే అమెరికన్ కథ ఇక్కడ చెప్పుకోదగినది. ఆయన స్వయంగా పెట్టుబడుల సలహాలు ఇస్తూ ఉండేవాడు. 1929 నాటి మహాపతనాన్ని తాను గాని, ఇతరులు గాని ముందుగా గుర్తించలేకపోవడం ఆయనను ఆలోచింపజేసింది. పదహారు సలహా సంస్థలు ఇచ్చిన సుమారు 7,500 సిఫారసులను లెక్కగట్టి, 1933లో ఫలితాలు ప్రకటించాడు. వాటిని అనుసరించినవారికి, సగటు షేరు కంటే సంవత్సరానికి 1.43 శాతం తక్కువ ప్రతిఫలమే వచ్చి ఉండేదని తేలింది. స్లుట్‌స్కీ వ్యాసం వెలువడిన 1937లోనే, అదే పత్రికలో, కౌల్స్ తన సహచరుడు జోన్స్‌తో కలిసి మరొక వ్యాసం ప్రచురించాడు. షేర్ ధరలు ఒక దిశలో కదిలితే అదే దిశలో కొనసాగే ధోరణి ఉన్నదని అందులో పేర్కొన్నాడు. ఇరవై మూడు సంవత్సరాల తరువాత, 1960లో, హోల్‌బ్రూక్ వర్కింగ్ అనే అర్థశాస్త్రవేత్త ఒక లోపాన్ని ఎత్తిచూపాడు. పూర్తిగా యాదృచ్ఛికంగా సాగే ధరలైనా, వాటికి నెలవారీ సగటులు కట్టి ఆ సగటుల మార్పులను పోల్చితే, సుమారు 0.25 సహసంబంధం కేవలం సగటుల వల్లనే పుడుతుంది. కౌల్స్ తన పాత లెక్కలను తానే సవరించుకొని, ఆ కొనసాగింపు ధోరణిలో కొంత భాగం సగటుల నుండి వచ్చినదని అదే సంవత్సరం అంగీకరించాడు. స్లుట్‌స్కీ హెచ్చరిక తన కంటి ఎదుటనే అచ్చయినా, సగటుల మాయ నుండి తప్పించుకోవడం ఎంత కష్టమో ఈ ఉదంతం చెబుతుంది. తప్పు తెలిసినప్పుడు ఒప్పుకొన్న కౌల్స్ నిజాయితీ కూడా శ్లాఘనీయమే.

అంతకుముందు, 1953లో, లండన్‌లో మారిస్ కెండాల్ షేర్లు, గోధుమ, పత్తి మొదలైన వాటి ఇరవై రెండు ధరల శ్రేణులను పరిశీలించాడు. ఒక వారపు మార్పును బట్టి తరువాతి వారపు మార్పును చెప్పడం దాదాపు అసాధ్యమని ఆయనకు తెలిసింది. ధరల రేఖలో కొట్టవచ్చినట్లు కనిపించే అలలు, ఏ వారానికి ఆ వారం వచ్చే ప్రతిఫలాలను విడిగా తీసి చూస్తే చాలావరకు మాయమయ్యాయి. ధర అంటే గడచిన మార్పులన్నిటి మొత్తం. మొత్తం కట్టిన చోట అల పుట్టడం సహజమని స్లుట్‌స్కీ ఎన్నడో చూపించాడు.

ఈ పరిణామాలను చూడడానికి స్లుట్‌స్కీ జీవించి లేడు. 1941లో జర్మనీ దండయాత్ర జరిగినప్పుడు ఆయనను మధ్య ఆసియాలోని తాష్కెంట్ నగరానికి తరలించారు. అరవై ఏళ్ళు దాటిన వయస్సులో, యుద్ధకాలపు ఇబ్బందుల మధ్య కూడా ఆయన లెక్కలు విడువలేదు. గణాంక శాస్త్రంలో తరచుగా అవసరమయ్యే అసంపూర్ణ గామా ప్రమేయానికి సంఖ్యా పట్టికలు తయారుచేయడం ఆయన చివరి సంవత్సరాల దీక్ష. కంప్యూటర్లు లేని ఆ రోజులలో ఒక్కొక్క విలువనూ శ్రమకోర్చి గణించి, సరిచూసుకోవలసి ఉండేది. ఆ పట్టికలు అచ్చులో చూసుకొనే అదృష్టం ఆయనకు దక్కలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1948 మార్చి 10వ తేదీన మాస్కోలో కన్నుమూశాడు. పట్టికలు 1950లో వెలువడ్డాయి. ఆధునిక సంభావ్యతా సిద్ధాంతానికి పునాది వేసిన కొల్మగోరవ్ ఆయన కృషిని స్మరిస్తూ సంతాప వ్యాసం వ్రాశాడు. చిత్రలేఖనం, కవిత్వం అంటే స్లుట్‌స్కీకి ప్రీతి అని ఆయనను ఎరిగినవారికి తెలుసు.

స్లుట్‌స్కీ నాటిన విత్తనం తరువాతి కాలంలో మహావృక్షమైంది. 1938లో స్వీడన్ దేశస్థుడు హెర్మన్ వోల్డ్, యూల్, స్లుట్‌స్కీల ఆలోచనలను ఒక సమగ్ర సిద్ధాంతంగా రూపొందించాడు. 1970లో బాక్స్, జెంకిన్స్ ప్రచురించిన గ్రంథం ఆ నమూనాలను వ్యాపార, పరిశ్రమ రంగాలలో నిత్య వ్యవహారంలోనికి తెచ్చింది. స్లుట్‌స్కీ గమనించిన మారే చక్రాల సమస్య కూడా పరిశోధకులను ఆకర్షించింది. 1989లో జేమ్స్ హామిల్టన్ అమెరికా జాతీయోత్పత్తి గణాంకాలకు ఒక నమూనాను అన్వయించాడు. దాని ప్రకారం ఆర్థిక వ్యవస్థ పైకి కనిపించని రెండు స్థితుల మధ్య మారుతూ ఉంటుంది. ఒక స్థితి నుండి మరొక స్థితికి మారే సంభావ్యతను అంకెల నుండే అంచనా వేస్తారు. స్లుట్‌స్కీతో ఒకప్పుడు లేఖలు నడిపిన మార్కోవ్ పేరుగల గొలుసులే ఈ నమూనాకు ఆధారం. షేర్ మార్కెట్టు ప్రతిఫలాలు కొంతకాలం ప్రశాంతంగానూ, కొంతకాలం అల్లకల్లోలంగానూ ఉండటాన్ని వివరించడానికి ఇటువంటి నమూనాలను వాడుతున్నారు. అవి రేపటి ధరను ఇదమిత్థమని చెప్పవు. మార్కెట్టు ఏ స్థితిలో ఉండే అవకాశం ఎంత ఉన్నదో, పెట్టుబడికి ఎంత ముప్పు ఉన్నదో మాత్రమే సూచిస్తాయి. తమ అంచనాలో అనిశ్చితి ఎంతో తామే చెప్పడం వాటి విశిష్టత.

స్లుట్‌స్కీ జీవితంలో ఒడుదొడుకులకు కొదవ లేదు. బహిష్కరణ, సైనిక శిక్ష, పరదేశ విద్య, పట్టించుకోబడని పరిశోధన, మూతపడిన సంస్థ, యుద్ధం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వాటిలో ఏదీ ఆయన కోరుకొన్నది కాదు. ఏ స్థితిలో ఉన్నా అంకెలను నిష్పక్షపాతంగా చదవడమే ఆయన ఎన్నుకొన్న మార్గం. అందరికీ ప్రియమైన అలలను శంకించడానికి పాండిత్యం ఒక్కటే చాలదు, ధైర్యం కూడా కావాలి. రేఖాచిత్రంలో శిఖరాలు, లోయలు చూపి భవిష్యత్తును అమ్మజూపేవారు నేడూ ఉన్నారు. అటువంటి చిత్రం ఎదురైనప్పుడు, ఆ అల మార్కెట్టులో పుట్టిందా, లెక్కలో పుట్టిందా అని ఒక్క క్షణం ఆగి ప్రశ్నించుకోవడం విజ్ఞుల లక్షణం. ఆ ప్రశ్న వేయడం నేర్పిన గురువుగా స్లుట్‌స్కీ చిరస్మరణీయుడు.